ఎస్‌పీసీ (స్టోన్ ప్లాస్టిక్ కాంపోజిట్) వినైల్ ఫ్లోరింగ్ వాటర్‌ప్రూఫ్ అంటే ఇంట్లోకి నీళ్లొచ్చినా ఏమీ కాదా?

పలక పాడవదు, కానీ దాని కిందికి నీళ్లు చేరితే మాత్రం ఫ్లోరింగ్ ఊడదీసి నేల ఆరబెట్టాల్సిందే. ఎస్‌పీసీ పలక మధ్యపొరను సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేస్తారు, అందులో చెక్క ఉండదు కాబట్టి చెక్కపొడి అట్టతో చేసే లామినేట్ ఫ్లోరింగ్‌లా నీళ్లు పీల్చి ఉబ్బదు. చెన్నై వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లే తీసుకోండి: ఒలికిన నీళ్లు తుడిస్తే సరిపోతుంది, అదే నవంబరు వానలకు వీధి నీళ్లు గడప దాటాయంటే గోడ అంచుల సందుల్లోంచి కిందికి దిగి, ఆరే దారి లేక బూజు పడుతుంది, వాసనొస్తుంది. వాటర్‌ప్రూఫ్ అన్న మాట పలకకే, నేలకు కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. కింద నుంచి చెమ్మ ఊరే ఇంట్లో ముందు అది ఆపించండి, దయచేసి వదిలేయొద్దు. ఇక అరుగుదల ఆపేది పైనున్న పారదర్శక పొర, హాలుకు 0.5 మిల్లీమీటర్లది అడగండి.