హోస్టా దుబ్బును కోసే ముందు

పటమట, విజయవాడ
ఏప్రిల్ 12

చిరంజీవి సౌభాగ్యవతి మా అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న సాయంత్రం మీ అమ్మ గుంటూరు నుండి ఫోన్ చేసింది. మిషిగన్‌లో మీరు కొత్తగా కొన్న ఇంటి వెనుక పెద్ద మేపుల్ చెట్టు ఉన్నదనీ, దాని కింద గడ్డి మొలవకపోవడంతో ఆ నీడలో హోస్టాలు, అదే, అందమైన ఆకుల కోసం నీడలో పెంచే ఆ దుబ్బు మొక్కలు, నాటాలని నువ్వు నిశ్చయించుకున్నావనీ, వచ్చే నెలలో మీ ఊరి హోస్టా సంఘం వారు జరిపే మొక్కల వేలానికి కూడా వెళ్ళబోతున్నావనీ చెప్పింది. ఫోన్ పెట్టేసిన తరువాత చాలాసేపటి వరకు నాకు మరో పని మీద మనసు నిలవలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ దేశంలో నేను ప్రాణప్రదంగా పెంచిన మొక్కను మళ్ళీ మన పిల్లే పెంచబోతున్నదన్న సంతోషం ఒకవైపు, నేను చేసిన తప్పు నువ్వు కూడా చేస్తావేమోనన్న భయం మరొకవైపు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని మరచిపోతావు కనుక ఉత్తరం వ్రాస్తున్నాను. దీన్ని దాచుకో.

పెంపకం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నానికి నీడ పడే చోటు చూసుకో. మట్టిలో బాగా చివికిన ఆకు ఎరువు కలుపు. వాన లేని వారంలో అంగుళం నీరు అందేలా చూడు. నత్తలకు ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లు. జింకలు తిరిగే పేట అయితే కంచె వేయక తప్పదు, ఎందుకంటే అవి ఒక్క రాత్రిలో ఆకులన్నీ మేసి కాడలు మాత్రం మిగిల్చి పోతాయి. నీలి ఆకుల రకాలకు ఆ రంగు ఆకు మీది మైనపు పూత వల్ల వస్తుంది, కాబట్టి దుమ్ము పట్టిందని వాటిని గుడ్డతో తుడవకు. హోస్టా ఆకులలోని సాపోనిన్లు అనే విష పదార్థాలు కుక్కలకు పడవు. మీ కుక్కపిల్లను ఆ పాదుల దగ్గర ఒంటరిగా వదలకు.

మేపుల్ చెట్టును మాత్రం తక్కువగా అంచనా వేయకు. దాని వేళ్ళు లోతుకు పోకుండా పైపైనే వల అల్లినట్లు పాకుతాయి. నువ్వు గొయ్యి తీసి మంచి మట్టి నింపితే, ఆ మట్టి కోసం అవే ముందు వస్తాయి. మొదలుకు దూరంగా నాటి, మిగతా చోట్ల కంటె ఎక్కువ నీరు పెట్టు.

ఇరవై మొక్కలు ఒకేసారి కొంటావట. వద్దు తల్లీ, అయిదు చాలు. 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' అనే రకం చిన్న కుండీలో చూసినప్పుడు చేమ మొక్కంత ఉంటుంది, కాని కుదురుకున్న తరువాత అయిదారు అడుగుల మేర పరచుకుంటుంది. 'బ్లూ మౌస్ ఇయర్స్' ఎన్నేళ్ళయినా నీ దోసిలికి కాస్త మించుతుందంతే. ఏ రకమైనా తన అసలు రూపానికి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. మొదటి ఏడాది బోసిగా ఉన్నదని ఖాళీలన్నీ నింపావంటే, నాలుగో ఏడాది అన్నిటినీ తవ్వి, పిలకలుగా కోయవలసి వస్తుంది. నేను నీకు దూరం చేయాలనుకుంటున్నది ఆ కోతనే.

అన్నట్లు, మీ అమ్మ తనకు కూడా ఒక పిలక తెచ్చిపెట్టమని నిన్ను అడిగిందట. హోస్టా పుట్టినిల్లు జపాను, కొరియా, చైనా దేశాలు. చలికాలంలో ఆకు రాలిపోయి, వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోతేనే అది మరుసటి వసంతంలో బలంగా లేస్తుంది. మన కృష్ణా తీరంలో సంక్రాంతి నాటి రాత్రులు కూడా దానికి చలి కిందికి రావు. పైగా అనుమతి పత్రాలు లేకుండా మొక్కలను దేశంలోకి తేవడం నేరం. నేను తిరిగి వచ్చాక ఇక్కడ రంగుల చేమలు పెంచుకుంటున్నాను, మీ అమ్మకూ అవే ఇస్తాను.

మే మొదట్లో హోస్టా నేలలోంచి వచ్చే తీరు నువ్వు తప్పక చూడాలి. ముదురు ఊదా రంగు మొన ఒకటి మట్టిని చీల్చుకుని లేస్తుంది, దాని లోపల ఆకులన్నీ ఒకదానిలో ఒకటి బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. మొదటిసారి దానిని చూసినప్పుడు నాకు దుగ్గిరాల దగ్గర మీ తాతయ్య వేసిన పసుపు చేను గుర్తుకు వచ్చింది. తొలి వానల తరువాత పసుపు మొలక కూడా అలాగే సూదిలా లేచి, చుట్ట విప్పుకుంటుంది. ఆ ఉదయం నేను అక్కడే తడి నేల మీద చతికిలబడి కూర్చుండిపోయాను. మీ పెదనాన్న వచ్చి ఏమైందని అడిగితే ఏమీ చెప్పలేకపోయాను.

ఆ మొక్క నాకు ఇచ్చినది పక్క వీధిలో ఉండే ఒక పెద్దావిడ. బడిలో పాఠాలు చెప్పి విరమించుకున్న మనిషి. అప్పటికి నాకు బయటివారితో ఇంగ్లీషులో మాట్లాడాలంటే బెరుకు. ఆవిడ తన తోటలోని 'హాల్సియన్' అనే రకం హోస్టా పిలకను తడిపిన వార్తాపత్రికలో చుట్టి నా చేతిలో పెట్టి, పేరు రాసిన చీటీ కూడా ఇచ్చింది. ఆవిడకు రెండు వందల దాకా దుబ్బులు ఉండేవి. ప్రతి దాని దగ్గర రేకు మీద పేరు, నాటిన సంవత్సరం. నన్ను హోస్టా సంఘానికి తీసుకువెళ్ళినది ఆవిడే, నా పులిహోర గిన్నెను అందరి వంటకాల మధ్య బల్ల మీద పెట్టి, తానే మొదట వడ్డించుకున్నదీ ఆవిడే.

2004లో ఒక దుకాణంలో ధర తగ్గించి అమ్ముతున్న మొక్క ఒకటి కొన్నాను. లేత పసుపు ఆకు మీద, తడి కాగితం మీద సిరా చుక్క పడి పాకినట్లుగా, ఈనెల వెంట ఆకుపచ్చ మరకలు ఉండేవి. అది అరుదైన రకమనుకుని మురిసిపోయాను. ఆ రోజులలో అటువంటి మరకల మొక్కలకు 'బ్రేక్‌త్రూ', 'లెపర్డ్ ఫ్రాగ్' వంటి కొత్త పేర్లు పెట్టి కూడా అమ్మారు, కనుక తెలిసినవారు కూడా మోసపోయారు. మరుసటి మే నెలలో దానిని తవ్వి తీసి, ఇక్కడి నుండి తీసుకుపోయిన కత్తిపీట ముందు వేసుకుని వెనుక మెట్ల మీద కూర్చున్నాను. గుమ్మడికాయను కోసినట్లు దుబ్బును రెండు చేతులతో పట్టుకుని అంచు మీదికి నొక్కితే, కరకరమని చీలి, జిగురు నా మణికట్ల దాకా కారింది. దానిని నాలుగు చేశాను. పాత తువ్వాలుతో కత్తిని ఒకసారి తుడిచాను. అదే కత్తి మీద 'గోల్డ్ స్టాండర్డ్'ను, 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్'ను, ఇంకా నాలుగింటిని కోశాను. ఆ వారంలోనే ఆ పిలకలలో కొన్నిటిని నలుగురు స్నేహితురాళ్ళకు పంచాను. మొదటిది ఆ పెద్దావిడకే ఇచ్చాను, ఎందుకంటే అప్పటిదాకా తీసుకోవడమే గాని ఆవిడకు ఇవ్వడం నాకు కుదరలేదు.

2006 సెప్టెంబరులో సంఘం సమావేశానికి ఒకాయన వచ్చి హోస్టా వైరస్ ఎక్స్ గురించి చిత్రాలు చూపించాడు. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ గుర్తించిన వైరస్ అది. రోగపు మొక్క రసం కత్తి ద్వారా, చేతుల ద్వారా మంచి మొక్క గాయంలోకి చేరితే చాలునట. అంటిన తరువాత ఏడాది, అంతకు మించి కూడా లక్షణాలు బయట పడకపోవచ్చునట. మందు లేదు. తెర మీద మూడో చిత్రం వచ్చేసరికి నా ఒళ్ళు చల్లబడింది. అది మా పెరటిలోని మొక్కే. ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని, చక్కని చేవ్రాలుతో అన్నీ పుస్తకంలో వ్రాసుకుంటున్నది.

నేను నోరు విప్పలేదు. ఎక్కడినుండో వచ్చిన మనిషి మా తోటలకు తెగులు అంటించిందని అనుకుంటారేమోనని భయపడ్డాను. ఇంటికి వచ్చి నా మొక్కను రాత్రికి రాత్రి పీకేశాను గాని ఎవరికీ చెప్పలేదు. అక్టోబరులో ఆకులు రాలాయి, నవంబరులో మంచు కప్పింది, మొక్కలన్నీ నిద్రలో ఉన్నాయి కదా, ఇప్పుడే తొందరేమున్నదని నాకు నేను చెప్పుకున్నాను. వసంతం వచ్చింది. ఆవిడ ప్రతి ఏడాదిలాగే సంఘం అమ్మకం కోసం తన దుబ్బులను కోసింది. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆ వారం జలుబు చేసిందని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. జూన్‌లో ఆవిడ 'గోల్డ్ స్టాండర్డ్' ఆకుల మీద ఈనెల వెంట ముదురు గీతలు తేలాయి. ఆవిడ నన్ను పిలిచి చూపించినప్పుడు ఇక నిలువలేక అంతా చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. "నీకు ఎప్పుడు తెలిసింది?" అని ఒక్కటే అడిగింది. సెప్టెంబరులో అని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, కొట్టంలోకి వెళ్ళి పార తెచ్చింది. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి పదకొండు దుబ్బులను పీచు వేళ్ళతో సహా తవ్వి, ఎరువు గుంటలో వేయకుండా నల్ల సంచులలో మూటకట్టాము. ఆవిడ ఒక్కొక్క పేరు రేకును కడిగి పక్కన పెడుతూ ఉంటే, వాటి మీద 1983, 1986 అని ఆవిడ వ్రాసిన సంవత్సరాలు నాకు కనిపించాయి. తరువాతి సమావేశంలో నేను లేచి నిలబడి జరిగినదంతా నా నోటితోనే చెప్పాను. దాని తరువాత ఇంకో ఇద్దరు తమ తోటలలో వెతుక్కుని, దొరికినవాటిని తవ్వేశారు. ఆవిడ నాతో మాట్లాడడం మానలేదు. ఆ తరువాత ఏడేళ్ళు, నేను ఇక్కడికి తిరిగి వచ్చే దాకా, వేలాలకు మేమిద్దరం ఆవిడ కారులోనే వెళ్ళాము. కాని నా చేతి మొక్కను ఆవిడ మళ్ళీ తీసుకోలేదు.

మీ తాతయ్య దుంపకుళ్ళు కనిపించిన పసుపు మడి నుండి ఒక్క విత్తనపు కొమ్ము కూడా ఎవరికీ ఇచ్చేవారు కాదు. బంధువులు వచ్చి అడిగినా, ఆ మడి వైపు చూపించి, అది పనికిరాదని తానే చెప్పి పంపేవారు. ఆ ఇంట పుట్టి, అది కళ్ళారా చూసి పెరిగిన దానిని నేను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆకు మీద మరకలు పాకినట్లున్న మొక్కను ఎంత చవకగా ఇచ్చినా కొనకు. కొన్నదానిని మిగతావాటికి దూరంగా ఒక పూర్తి వేసవి ఉంచి, ఆ తరువాతే పాదులలో చేర్చు. అనుమానం వస్తే పరీక్ష చేసే పట్టీలు దొరుకుతాయి, సంఘంలో అడిగితే చూపిస్తారు. ఒక మొక్కను కోసిన తరువాత కత్తికి అంటిన మట్టిని సబ్బుతో రుద్ది కడిగి, ఒక పాలు బ్లీచుకు తొమ్మిది పాళ్ళ నీరు కలిపిన ద్రావణంలో నానబెట్టి, అప్పుడే రెండో మొక్కను ముట్టుకో. నీ చేతులు కూడా కడుక్కో. వాడిన పూకాడలను తుంచేటప్పుడు కూడా ఇదే పద్ధతి, ఎందుకంటే తుంచినా రసం వస్తుంది. చేతనైతే మొదటి మూడేళ్ళు ఎవరికీ పిలక ఇవ్వకు. ఇచ్చిన తరువాత ఏదైనా అనుమానం వస్తే, ఆ పూటే ఫోన్ చేసి చెప్పు.

నా మాటలు విని సంఘానికి వెళ్ళడం మానుకుంటావేమోనని ఇప్పుడు ఇంకొక దిగులు పట్టుకున్నది. తప్పకుండా వెళ్ళు. ఆ దేశంలో హోస్టా ప్రేమికుల జాతీయ సంఘం 1968 నుండి ఉన్నది, ఊరూరా ఉన్న చిన్న సంఘాలలో ఆదరించేవారు చాలామంది. వేలం రోజున ఒక గంట ముందుగా వెళ్ళి కుండీలు మోయడానికి సాయపడు, దానితోనే సగం మంది నీకు పేరుతో తెలుస్తారు. ఆకుల ప్రదర్శన పెడతారు, ఒక్కొక్క ఆకును కోసి సీసాలో నిలబెట్టి తీర్పు చెబుతారు, అది చూడు. ఇతరుల తోటకు వెళ్ళినప్పుడు మొక్కను ముట్టుకోకు, పిలక అడగకు, పేరు అడుగు. పేరు అడిగితే దాని కథ అంతా వాళ్ళే చెబుతారు. 'జూన్' అనే రకం 'హాల్సియన్' నుండే పుట్టిందని నాకు తెలిసింది కూడా అలాగే. వీలు చూసుకుని మీ మిషిగన్‌లోనే టిప్టన్‌లోని హిడెన్ లేక్ గార్డెన్స్‌కు వెళ్ళు, అక్కడ ఒక కొండవాలు అంతా హోస్టాలే. నీ ఇంగ్లీషు యాస గురించి సంకోచపడకు. పులిహోర తీసుకువెళ్ళు, మిరపకాయలు కాస్త తగ్గించు.

మీ అమ్మ జూన్‌లో మీ దగ్గరకు వస్తున్నది కదా, తన పెట్టెలో రెండు చిన్న కత్తులు పంపుతున్నాను. అక్కడ దొరకవని కాదు. ఒకటి ద్రావణంలో నానుతుండగా రెండో దానితో పని చేసుకోవచ్చు. ఏదైనా దుబ్బును కోయాలనిపిస్తే, ముందు ఆకులను వెలుతురులో పట్టుకుని, పైవైపు, అడుగువైపు రెండు ఫోటోలు తీసి నాకు పంపు. మీకు రాత్రి తొమ్మిదైతే వేసవిలో మాకు ఉదయం ఆరున్నర, అప్పటికి నేను లేచే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ