రెండు భాషల బుల్లితెర ఎవరి పిల్లల కోసం?

ప్రశ్న: మా బడికి కొండ గూడేల నుంచి వచ్చే సవర పిల్లలకు ఒకటో తరగతిలో చేరేనాటికి తెలుగు అంతంతమాత్రంగానే వస్తుంది. అమెరికాలో స్పానిష్, ఇంగ్లీషు కలిపి పిల్లలకు టీవీ కార్యక్రమాలు చేశారని ఒక శిక్షణ తరగతిలో విన్నాను. అటువంటివి మా పిల్లలకు పనికి వస్తాయా? రెండు భాషలు కలిస్తే వారు తికమక పడరా?
- ఒక ఉపాధ్యాయురాలు, మెళియాపుట్టి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పనికి వస్తాయి. అయితే మీరు విన్న కార్యక్రమాలన్నీ ఒకే కోవకు చెందినవి కావు. 1968లో అమెరికాలో ద్విభాషా విద్యా చట్టం వచ్చింది. ఆ తరువాత టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి ఐడా బరేరా రూపొందించిన 'కరస్కొలెండాస్' 1970లో స్థానిక ప్రసారంగా మొదలై, 1972 నుంచి పీబీఎస్ అనే అమెరికా ప్రజా ప్రసార సంస్థ ద్వారా దేశమంతటా ప్రసారమైంది. మరుసటి ఏడాది 'విల్లా అలెగ్రే' వచ్చింది. ఇవి ముఖ్యంగా ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషు ముందు బిక్కచచ్చిపోయే పిల్లలను దృష్టిలో పెట్టుకొని తీసినవి. 'కరస్కొలెండాస్' అనే ఊహా పట్టణంలో అగపీటో అనే సింహం సైతం రెండు భాషలూ మాట్లాడుతుంది. తన ఇంటి మాట టీవీలో గౌరవంగా వినబడటమే ఆ పిల్లవాడికి దక్కిన మొదటి పాఠమని నా అభిప్రాయం.

2000లో నికలోడియన్ అనే పిల్లల టీవీ చానెల్‌లో మొదలైన 'డోరా' కార్టూన్ దారి వేరు. అందులో కథ ఇంగ్లీషులో నడుస్తూ ఉండగా స్పానిష్ మాటలు నడుమనడుమ వస్తాయి. డోరా ప్రశ్న అడిగి, చూస్తున్న పిల్లలు జవాబు చెప్పేందుకు కాసేపు ఆగుతుంది. లాటిన్ అమెరికాకు వెళ్లేసరికి అదే డోరా స్పానిష్ మాట్లాడుతూ ఇంగ్లీషు నేర్పుతుంది. అంటే ఇది ఇంటి భాషలో స్థిరంగా ఉన్న పిల్లలకు పక్క భాషను పరిచయం చేసే పద్ధతి. మీ పిల్లల అవసరం మొదటి రకానిది. కథంతా తెలుగులో నడిపి, అక్కడక్కడా నాలుగు సవర మాటలు చల్లితే అది వారికోసం చేసినట్లు కాదు.

తికమక గురించి బెంగ అక్కరలేదు. ఇంట్లో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడే పిల్లలు మీ సరిహద్దు ఊళ్లలోనే ఉన్నారు. ఒక వాక్యంలో రెండు భాషల మాటలు కలిపినంత మాత్రాన పిల్లవాడికి ఏ భాషా రావడం లేదని అనుకోకూడదు. కాకపోతే స్పానిష్, ఇంగ్లీషులది ఒకే లిపి, పోలిన మాటలూ చాలా ఉన్నాయి. సవర ముండా అనే వేరే భాషా కుటుంబానికి చెందింది, తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఇక్కడి దూరం ఎక్కువ, ఓపికా ఎక్కువ కావాలి. మీకు దగ్గరలోని పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు ముందు తాను సవర నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టింది ఈ దూరాన్ని గుర్తించే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలోనూ సవరకు చోటు దక్కింది.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. 2003లో పిల్లలు భాష నేర్చుకునే తీరుపై పనిచేసే అమెరికన్ శాస్త్రవేత్త పట్రీషియా కూల్ బృందం ప్రచురించిన పరిశోధనలో, మనిషి ఎదురుగా కూర్చొని చైనా భాషలో ఆడించిన తొమ్మిది నెలల అమెరికన్ పసివారు ఆ భాషా ధ్వనులను పట్టుకోగలిగారు. అదే టీవీలో చూసినవారు పట్టుకోలేకపోయారు. మీ పిల్లలు అంతకన్నా పెద్దవారే అయినా, పక్కన పలికే మనిషి లేకుండా తెర ఒక్కటే చేయగలిగింది తక్కువే.

కాబట్టి మీరు పెద్ద ఖర్చుకు పోనక్కరలేదు. గూడెంలోని ఒక అవ్వ చేత సవర కథ చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. దాన్ని తరగతిలో వినిపిస్తూ, కథ మలుపు తిరిగేచోట ఆపి, తరువాత ఏమవుతుందో అడగండి. ఏ భాషలో జవాబు వచ్చినా స్వీకరించండి. బొమ్మలు గీయడం, ఆట ఆడటం వంటి పనులు తెలుగులో చేయించండి. కథలోని ప్రతి వాక్యాన్నీ వెంటనే తెలుగులోకి మార్చి చెప్పవద్దు. అలా చేస్తే తమకు తెలిసిన సవరలోనే కథ విని, తెలుగు వినడం మానేస్తారు.