రింగు వస్తుంది, మాట రాదు: ఇంటర్నెట్ ఫోన్ బిగింపుపై పాఠకుల సందేహాలు

సందేహం: గుంటూరులో ఆరుగురం పనిచేసే ఆడిట్ కార్యాలయం మాది. ఆరు ఐపీ ఫోన్లు కొని, ఇంటర్నెట్ టెలిఫోన్ సంస్థవారు ఇచ్చిన వివరాలతో నేనే స్వయంగా బిగించాను. బయటి నుంచి ఎవరైనా చేస్తే రింగు చక్కగా వస్తోంది. రిసీవర్ ఎత్తితే మా మాట అవతలివారికి వినిపిస్తోంది గానీ, వారి మాట మాకు వినిపించడం లేదు. సంస్థవారిని అడిగితే మీ రూటర్ చూసుకోండి అంటున్నారు. రూటర్‌లో ఏం చూడాలి?

జవాబు: మీ ఫోన్లు పాడవలేదు, మీరు నింపిన వివరాలూ సరైనవే. రింగు రావడమే అందుకు సాక్ష్యం. ఇంటర్నెట్ ఫోన్‌లో రింగు వచ్చే దారి వేరు, మాట వచ్చే దారి వేరు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఫోన్ బిగింపులో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఎక్కడ పుట్టాయో మీరే చెప్పగలుగుతారు కాబట్టి, దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

ఫలానా నంబరు నుంచి కాల్ వస్తోంది మోగించు, అవతల ఎత్తారు, పెట్టేశారు అనే కబుర్లను మోసే పద్ధతి పేరు సిప్. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని ప్రమాణం 2002లో వెలువడింది. ఈ కబుర్లు మామూలుగా 5060 అనే పోర్టు, అంటే ఒక్కో పనికి కేటాయించిన నంబరు తలుపు, మీదుగా నడుస్తాయి. మాటను మోసే పద్ధతి ఆర్‌టీపీ. అది మీ గొంతును 20 మిల్లీసెకన్ల చొప్పున, అంటే సెకనుకు 50 ముక్కలుగా కోసి, కాల్ కాల్‌కూ మారే వేరే పోర్టు మీదుగా పంపుతుంది. అయితే ఆ ముక్కలు ఏ చిరునామాకు చేరాలో చెప్పేది మాత్రం సిప్ కబురే. అసలు తేడా వచ్చేది ఇక్కడే. మీ ఫోన్ రూటర్ వెనక ఉంది కనుక దానికి తెలిసిన చిరునామా 192.168.1.25 వంటి లోపలి చిరునామా ఒక్కటే. నాకు మాట ఇక్కడికి పంపండి అని అదే రాసి పంపుతుంది. ఆ చిరునామా మీ కార్యాలయం నాలుగు గోడల మధ్యే చెల్లుతుంది, బయట దానికి అర్థం లేదు. శుభలేఖ కవరు మీద మీ ఇంటి చిరునామా సరిగ్గా ఉండి, లోపలి కార్డులో కల్యాణ మండపం చిరునామా తప్పుపడిందనుకోండి. శుభలేఖ చేరుతుంది గానీ మీరు పెళ్లికి చేరరు. మీ ఫోన్ మోగుతూనే మాట రాకపోవడానికి కారణం అచ్చంగా ఇదే.

కాల్స్‌ను కలిపే టెలిఫోన్ సంస్థల కంప్యూటర్లను సర్వర్లంటారు. నేటి సర్వర్లలో చాలావాటికి ఈ తప్పును సర్దుకునే నేర్పు ఉంది. కార్డులో రాసినదాన్ని పక్కన పెట్టి, మీ మాట ఏ చిరునామా నుంచి వస్తోందో చూసి, తిరుగు మాటను అక్కడికే పంపుతాయి. ఆ నేర్పును చెడగొట్టేది తరచుగా రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం. రూటర్ తానే కబురు విప్పి చిరునామా సరిదిద్దాలన్న సదుద్దేశంతో పెట్టిన సదుపాయమే ఇది. కానీ చాలా రూటర్లలో ఒక చోట సరిదిద్ది మరో చోట వదిలేయడం వల్ల, కబురు వెళ్లేటప్పటికి అటు పాత చిరునామా కాకుండా, ఇటు సరైన చిరునామా కాకుండా పోతుంది. కాబట్టి మొదట రూటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లి ఏఎల్‌జీ అన్న శీర్షిక కింద సిప్‌కు ఎదురుగా ఉన్న టిక్కు తీసేసి, రూటర్‌నూ ఫోన్లనూ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఫోన్లను కూడా ఆపడం ముఖ్యం. లేకపోతే ఫోన్ సర్వర్ దగ్గర చేసుకున్న పాత నమోదే కొనసాగి, మార్పు పనిచేయలేదని మీరు పొరబడతారు.

అప్పటికీ మాట రాకపోతే, ఇంటర్నెట్ సంస్థ బిగించిన ఫైబర్ డబ్బా తర్వాత మీరు సొంతంగా కొన్న వైఫై రూటర్ మరొకటి ఉందేమో చూడండి. లోపలి చిరునామాను రూటర్ బయటి చిరునామాగా మారుస్తుంది కనుక, రెండూ రూటర్లుగానే పనిచేస్తుంటే ఆ మార్పు రెండుసార్లు జరుగుతుంది. మీ సొంత రూటర్‌ను వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చండి, లేదా ఫైబర్ డబ్బాను చిరునామా మార్చకుండా అన్నీ దాటించే బ్రిడ్జ్ పద్ధతిలో పెట్టించండి. రూటర్ స్థితి పేజీలో బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, మీ ఇంటర్నెట్ సంస్థ కూడా ఎందరో వినియోగదారులకు కలిపి ఒకే బయటి చిరునామా వాడుతోందని అర్థం. అందువల్ల ఫోన్ పనిచేయకుండా పోదు గానీ, ఫోన్ సెట్టింగుల్లో కీప్ అలైవ్ అన్నదాన్ని (దారి తెరిచి ఉండేలా ఫోన్ అప్పుడప్పుడూ పంపే చిన్న కబురు) తప్పనిసరిగా 20 లేదా 30 సెకన్లకు పెట్టుకోవాలి. లేకుంటే కాసేపు ఫోన్ వాడకపోయేసరికి రూటర్ ఆ దారి మూసేస్తుంది. అప్పుడు మీరు చేసే కాల్స్ వెళతాయి గానీ మీకు వచ్చే కాల్స్ మోగవు. ఉదయం కార్యాలయం తెరిచాక మొదటి కాల్ మీరే చేసేదాకా ఫోన్ మోగడం లేదని చాలామంది రాస్తుంటారు. ఆ ఫిర్యాదుకు సాధారణంగా కారణం ఇదే.

దీనికి చుట్టం లాంటి చిక్కు నాకే ఒకసారి ఎదురైంది. ఇంట్లో పెట్టుకున్న ఫోన్‌లో రెండువైపులా మాట స్పష్టంగా వినిపించేది, కానీ ప్రతి కాల్ అరనిమిషం దాటగానే తెగిపోయేది. వైరు మార్చాను, ఫోన్ మార్చాను, రెండు రోజులు పోయాయి. చివరకు గడియారం పెట్టి చూస్తే ప్రతిసారీ సరిగ్గా 32వ సెకను దగ్గరే తెగుతోంది. ఆ అంకెలోనే జవాబు ఉంది. కాల్ ఎత్తామన్న కబురు వెళ్లాక అవతలి నుంచి అందింది అన్న బదులు రావాలి. అది రాకపోతే సిప్ ప్రమాణం ప్రకారం అరసెకనుకు 64 రెట్ల సేపు, అంటే 32 సెకన్లు, ఎదురుచూసి కాల్‌ను తుంచేస్తారు. నా విషయంలో ఆ బదులును దారి తప్పిస్తున్నది రూటర్‌లోని ఏఎల్‌జీయే. అందుచేత కాల్ తెగుతోంది అని ఫిర్యాదు చేసేముందు ఎన్ని సెకన్లకు తెగుతోందో రాసిపెట్టుకోండి. ఆ ఒక్క అంకెతో సాంకేతిక నిపుణుడికి సగం పని తప్పుతుంది.

మీ కార్యాలయం గురించి మరో రెండు మాటలు. వేగం ఎక్కువున్న ప్లాన్‌కు మారితే మాట స్పష్టంగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మాటను అంకెలుగా మార్చే మామూలు జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కోవైపు సెకనుకు దాదాపు 87 కిలోబిట్లు చాలు. ఆరుగురూ ఒకేసారి మాట్లాడినా అది అర మెగాబిట్‌కు కాస్త అటూ ఇటూ. మాట తెగిపోయేలా చేసేది వేగం తక్కువ కావడం కాదు, మాట ముక్కలు సమాన వ్యవధిలో చేరకపోవడం. ఎవరో ఒకరు పెద్ద ఫైళ్లు క్లౌడ్‌కు ఎక్కించేటప్పుడే మాట తెగుతుంటే, రూటర్‌లో ఏది ముందు వెళ్లాలో నిర్ణయించే క్యూఓఎస్ పేజీలో ఫోన్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఇక ఒక్కో ఫోన్‌కు ఒక్కో అడాప్టర్ పెట్టి ప్లగ్గు బోర్డులు నింపేకంటే, నెట్‌వర్క్ వైరులోనే కరెంటు కూడా పంపే, 802.3ఏఎఫ్ ప్రమాణం ఉన్న ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్ కొనడం మంచిది. ఫోన్లు కూడా పీఓఈకి తగినవైతే కరెంటూ ఇంటర్నెట్టూ ఒకే వైరులో వెళతాయి. ఆ స్విచ్ ఒక్కదానికి యూపీఎస్ పెడితే ఆరు ఫోన్లకూ పెట్టినట్టే.

సందేహం: హనుమకొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా పాత ల్యాండ్‌లైన్‌ను ఫైబర్‌కు మార్చారు, నంబరు అదే. ఫైబర్ డబ్బా పక్కన పెట్టిన ఫోన్ పనిచేస్తోంది గానీ, మేడ మీద పడకగదిలోని పాత ఫోన్ మోగడం లేదు. కరెంటు పోతే రెండూ మూగపోతున్నాయి. పాత ఫోన్‌కు ఈ బాధ ఉండేది కాదు.

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ కారణం ఒక్కటే, మాస్టారూ. పాత రాగి తీగ మీద డయల్ టోన్, రింగు, ఫోన్ నడవడానికి కావలసిన 48 వోల్టుల కరెంటు, అన్నీ ఎక్స్చేంజి నుంచే వచ్చేవి. వీధిలో కరెంటు లేకపోయినా ఎక్స్చేంజిలో బ్యాటరీలు ఉండేవి కాబట్టి ఫోన్ పలికేది. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో కాంతి ప్రయాణిస్తుంది గానీ కరెంటు ప్రయాణించదు. ఇప్పుడు మీ ఇంటి గోడకున్న ఆ చిన్న డబ్బాయే మీ ఎక్స్చేంజి. డయల్ టోన్ పుట్టించేదీ, గంట మోగించేదీ అదే. దానికి కరెంటు లేకపోతే మీకు ఫోన్ లేదు.

మేడ మీది ఫోన్ సంగతి ముందు చూద్దాం. మీ ఇంటి గోడల్లో పాత టెలిఫోన్ వైరు ఇంకా ఉంది కదా, దాన్నే వాడుకోవచ్చు. వీధి నుంచి పాత తీగ ఇంట్లోకి వచ్చే చోట చిన్న రోసెట్ పెట్టె ఉంటుంది. దాని మూత తీస్తే బయటి నుంచి వచ్చిన రెండు తీగలూ, ఇంట్లోకి వెళ్లే రెండు తీగలూ ఒకే మరల దగ్గర కలిసి కనిపిస్తాయి. బయటి రెండు తీగలనూ విప్పి, కొసలు విడివిడిగా టేపు చుట్టి పక్కన పెట్టండి. ఈ పని చేయకుండా ముందుకు వెళ్లవద్దు. వీధి తీగలో ఇంకా ఎక్కడి కరెంటైనా మిగిలి ఉంటే మీ డబ్బా ఫోన్ పోర్టు కాలిపోవచ్చు. ఆ తర్వాత డబ్బాలో టెల్ లేదా ఫోన్ అని రాసి ఉన్న చిన్న పోర్టు నుంచి కింది గదిలోని గోడ సాకెట్‌కు మామూలు టెలిఫోన్ వైరు కలిపితే, ఇంట్లోని సాకెట్లన్నిటికీ డయల్ టోన్ చేరుతుంది. కింది ఫోన్‌ను కూడా ఏదో ఒక సాకెట్‌కు పెట్టుకోవచ్చు. టెలిఫోన్ పిన్ను చిన్నది కనుక ఇంటర్నెట్ పోర్టులో కూడా దూరుతుంది, పొరపాటున అందులో పెట్టవద్దు. మీ పాత ఫోన్ వేలితో చక్రం తిప్పేదైతే, చాలా ఫైబర్ డబ్బాలకు ఆ చక్రం సంకేతాలు అర్థం కావు. కాల్ వస్తే మాట్లాడవచ్చు గానీ డయల్ చేయడం కుదరదు.

కరెంటుకు పరిష్కారం సులువే. డబ్బా అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూడండి. 12 వోల్టులని ఉంటే, అంతే వోల్టులూ, అన్నే ఆంపియర్లూ లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చే రూటర్ యూపీఎస్ దుకాణాల్లో దొరుకుతుంది. అడాప్టర్‌కూ డబ్బాకూ మధ్య దాన్ని కలిపితే చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఇది అవసరమే. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కొన్ని డబ్బాలు ఆగి మళ్లీ మొదలవుతాయి. అది పూర్తిగా లేచి ఫోన్ నంబరు నమోదు చేసుకునేదాకా డయల్ టోన్ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లే ఉన్నప్పుడు, ఏ అర్ధరాత్రో 108కి ఫోన్ చేయవలసి వస్తే ఆ వ్యవధి చాలా పెద్దది. అందుకే ఈ చిన్న పెట్టెను వాయిదా వేయవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

సందేహం: కార్యాలయంలో నేనే బిగించిన ఐపీ ఫోన్ అర్ధరాత్రి మోగుతోంది. 100, 1001 వంటి నంబర్లు కనిపిస్తున్నాయి. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఎవరు చేస్తున్నారు?

జవాబు: మనుషులెవరూ కాదు. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న 5060 పోర్టుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు మీ ఫోన్‌కు నేరుగా కబురు పంపుతున్నాయి, మీ సర్వర్‌కు ఆ సంగతే తెలియదు. ఎవరి సలహా మీదనో రూటర్‌లో 5060 పోర్టును ఫోన్‌కు మళ్లించి ఉంటారు. ఆ మళ్లింపు తీసేయండి. ఫోన్ బయటికి వెళ్లి నమోదు చేసుకుంటుంది కనుక దానికి తలుపు తెరిచి పెట్టనక్కర్లేదు. ఫోన్ సెట్టింగుల్లో తన సర్వర్ నుంచి వచ్చిన కబుర్లనే అంగీకరించే ఎంపిక ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి. ఫోన్ వెబ్ పేజీకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఇవాళే మార్చండి. ఆ వెతికేవారి అసలు ఉద్దేశం మీ నిద్ర చెడగొట్టడం కాదు, మీ ఖాతా చేజిక్కించుకుని మీ ఖర్చుతో ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేయడం. విదేశాలతో పని లేకపోతే ఆ సదుపాయాన్ని సంస్థకు చెప్పి పూర్తిగా ఆపించండి.

సందేహం: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. తెనాలిలో మా ఇంట్లో సిమ్ కార్డు వేసే గేట్‌వే అనే పెట్టె పెట్టి ఇంటర్నెట్‌కు కలిపితే, అక్కడి నుంచి చేసే కాల్స్ ఇక్కడ బంధువులందరి మొబైళ్లకూ లోకల్ కాల్స్‌గా వెళతాయని ఒకరు చెప్పారు. పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. విదేశం నుంచి ఇంటర్నెట్‌లో వచ్చిన కాల్‌ను అనుమతి లేకుండా ఇక్కడి టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి మళ్లించడం నేరం. అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపేవారికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. మీ ఉద్దేశం బంధువులతో మాట్లాడుకోవడమే కావచ్చు. కానీ సిమ్ మీ పేరున ఉంటుంది, ఆ పెట్టెలోంచి ఇంకెవరి కాల్స్ వెళ్లినా జవాబు చెప్పవలసింది మీరే.

మీ అబ్బాయి మాట మీకు ఫోన్ రిసీవర్‌లో వినిపించాలన్నదే కోరిక అయితే దానికి వేరే దారి ఉంది. రెండు చివర్లా ఇంటర్నెట్టే ఉండి, కాల్ ఎక్కడా టెలిఫోన్ నెట్‌వర్క్‌ను తాకకపోతే, అటువంటి సిప్ పరికరాల మధ్య కాల్‌కు మన దేశంలో 2002 నుంచే అనుమతి ఉంది. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 వంటి ఒక ఫోన్ పోర్టు ఉన్న అడాప్టర్ కొని రూటర్‌కు కలపండి, దానికి మామూలు ఫోన్ తగిలించండి. రిసీవర్ ఎత్తి మూడుసార్లు నక్షత్రం గుర్తు, ఆ తర్వాత 02 నొక్కితే దాని చిరునామా అదే చదివి వినిపిస్తుంది. ఆ చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి సర్వర్ వివరాలు నింపాలి. మీ అబ్బాయి నడిపే సర్వర్‌లోనో, అద్దెకు తీసుకున్నదానిలోనో మీకు 201, తనకు 202 ఇచ్చి, తన మొబైల్‌లో ఒక సిప్ యాప్ పెట్టుకోమనండి. మీరు ఇక్కడ రిసీవర్ ఎత్తి 202 నొక్కితే డల్లాస్‌లో తన మొబైల్ మోగుతుంది.