స్పీడా, సెక్యూరిటీనా అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. మొన్న ఇంటర్వ్యూలో "నీ ప్రాజెక్టులో స్పీడ్ ముఖ్యమా, సెక్యూరిటీ ముఖ్యమా" అని అడిగితే రెండూ ముఖ్యమే సార్ అన్నాను. సెలెక్ట్ కాలేదు. ఏం చెప్పాల్సింది మేడమ్?

జవాబు: ఆ ఒక్క మాట వల్లే పోయిందని అనుకోకమ్మా. కానీ జవాబు సగంలో ఆపేశావు. రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడు ఎక్కడ ఏది తగ్గించుకుంటావు, ఎందుకు, అది చెప్పాలి.

మన ఊరి సంగతే తీసుకో. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు కదా, అలాంటి సైట్ నువ్వే కడుతున్నావనుకో. చివరి టికెట్ ఇద్దరికి పోకూడదు, అంటే ఒకరు తీసుకుంటున్నంతసేపు దాన్ని లాక్ చేయాలి, లాక్ చేస్తే వెనకవాళ్లు ఆగాలి. అక్కడ స్పీడ్ తగ్గినా సరే, వైకుంఠం కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ల వారీగా వదిలినట్టు జనాన్ని కొంచెం కొంచెంగా లోపలికి పంపుకోవాలి. అదే సైట్‌లో ఏ తేదీకి టికెట్లున్నాయో చూపించే క్యాలెండర్ పది సెకన్లు పాతదైనా కొంప మునగదు, దాన్ని క్యాష్‌లో (cache, అంటే ముందే తీసి దగ్గర పెట్టుకున్న కాపీలో) పెట్టి చకచకా చూపించొచ్చు.

అది స్పీడుకీ, లెక్క తప్పకపోవడానికీ మధ్య పేచీ. లాగిన్ దగ్గర ఇంకో రకం, అక్కడ స్పీడుకీ సెక్యూరిటీకీ మధ్య. పాస్‌వర్డ్‌లను తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచడానికి 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే పద్ధతిని కావాలనే నిదానంగా తయారుచేశారు. డేటాబేస్ దొంగల చేతిలో పడినా ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి చూసుకోవడానికి వాళ్లకి బోలెడు టైం పట్టాలని. అందులో కాస్ట్ అనే అంకె ఒకటి పెంచితే పని రెట్టింపవుతుంది, దొంగకే కాదు, నీ సర్వర్‌కి కూడా. ఎంత పెట్టాలో పుస్తకంలో చూసి కాదు, నీ సర్వర్ మీద కొలిచి తేల్చుకో. లాగిన్‌కి పావు సెకను పడితే ఎవరూ విసుక్కోరు, మూడు సెకన్లంటే విసుక్కుంటారు.

ఈ వారం నీ ప్రాజెక్టు రిపోర్టు తెరిచి "వేగంగా పనిచేస్తుంది" అని రాసిన ప్రతిచోటా అంకె వేయి. 500 మంది ఒకేసారి వచ్చినా వందలో 95 రిక్వెస్టులకు 2 సెకన్లలోపు జవాబు రావాలి, ఇలా. ఒకేసారి ఎంతోమంది వచ్చినట్టు సైట్‌ని పరీక్షించే జేమీటర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాంతో కొలువు. ఏం ఎంచుకున్నావు, దానికోసం ఏం వదులుకున్నావు, అర పేజీలో రాసిపెట్టుకో. ఐఎస్‌ఓ 25010 అనే అంతర్జాతీయ ప్రమాణంలో సాఫ్ట్‌వేర్ నాణ్యత లక్షణాలు 2023 సవరణ తర్వాత తొమ్మిది ఉన్నాయి, ఒకసారి చదువు చాలు, బట్టీ పట్టొద్దు. నీ ప్రాజెక్టుకి నిజంగా కావాల్సినవి రెండో మూడో ఉంటాయి. దీనికోసం డబ్బు కట్టి ఏ కోర్సులోనూ చేరొద్దు తల్లీ.

ఈసారి అదే ప్రశ్న వస్తే టెన్షన్ పడకుండా "ఏ పేజీ గురించి సార్, లాగినా, సెర్చా?" అని ముందు అడుగు, తర్వాత నువ్వు కొలిచిన అంకెలు చెప్పు.