గేమ్ గురించి నోరు విప్పే ముందు: మేనకోడలికి ఉత్తరం

మద్దిలపాలెం,
విశాఖపట్నం.

చిన్నీ,

మీ నాన్న నిన్న రాత్రి విజయనగరం నుంచి ఫోన్ చేశాడు. ముందు కూరగాయల ధరలు, తర్వాత మోకాలి నొప్పి, అన్నీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. "అక్కా, అది ఉద్యోగం చేస్తూనే యూట్యూబ్‌లో గేముల గురించి తెలుగులో మాట్లాడుతుందట. పజిల్ గేములు, సర్వైవల్ గేములు అంటోంది. నాకేం అర్థం కాలేదు, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం భయం, సగం గర్వం. మన నెట్ సెంటర్లో ఆరో నంబర్ సిస్టమ్ ముందు కూర్చుని, కాళ్ళు నేలకు అందక ఊపుకుంటూ టెట్రిస్ ఆడిన పిల్ల, ఇప్పుడు ఏ గేమ్ కొనాలో పదిమందికి చెప్పబోతోంది.

ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మంచి మైక్ కొనుక్కో. ఫ్యాన్ వేసుకుని రికార్డు చెయ్యకు. వారానికి ఒక వీడియో చాలు. ఆడపిల్లకి గేములేంటి అని కామెంట్ పెట్టేవాళ్ళు వస్తారు, జవాబివ్వకు, బ్లాక్ చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా అసలు భయం నీ నిద్ర గురించి. నీ షిఫ్టు అయ్యేసరికి రాత్రి పదకొండు. రుషికొండ నుంచి బీచ్ రోడ్డు మీద స్కూటీ వేసుకుని ఎంవీపీ కాలనీకి వచ్చి, ఇంత తిని, అప్పుడు గేమ్ మొదలుపెడతావు. సర్వైవల్ గేములంటే ఆకలీ చలీ చీకటీ తట్టుకుని ప్రాణం నిలుపుకోవడమే కదా. వాటిలో ఒకటైన మైన్‌క్రాఫ్ట్‌లో ఒక రోజంటే, పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలు. డోంట్ స్టార్వ్‌లో ఒక రోజంటే 8 నిమిషాలే. "ఇంకొక్క రోజు ఆడి పడుకుందాం" అనిపించడానికి సరిగ్గా సరిపోయే కొలత అది. అలా ఒక్కో రోజు అనుకుంటూనే తెల్లారిపోతుంది. 2013లో నేను అలాగే నాలుగింటి దాకా ఆడి, పొద్దున్నే సెంటర్ తాళాలు తియ్యడానికి బయల్దేరి, ఇసుకతోట దగ్గర ఆగి ఉన్న ఆటోని వెనకనుంచి గుద్దాను. నా మోచేతి మీద మచ్చ నువ్వు చూశావు. నూతి గట్టు మీద జారిపడ్డానని మీ నాన్నకి చెప్పాను. ఇప్పటికీ వాడికి నిజం తెలియదు. సర్వైవల్ గేములు శనివారం పగలు ఆడు. పని ఉన్న రోజుల్లో పజిల్ ఒకటి చూసుకుని పడుకో. ఈ ఒక్క మాట వినకపోతే మిగతా ఉత్తరం చదవక్కర్లేదు.

సరే, కోప్పడటం అయింది.

పజిల్ గేమ్‌కి డబ్బు పెట్టేవాళ్ళు కొనుక్కునేది, జవాబు తనంతట తాను తట్టే ఆ క్షణాన్ని. అది మనం ముందే చెప్పేస్తే వాళ్ళ సొమ్ము మనం తినేసినట్టే. మీ మావయ్య 2003లో మిస్ట్ ఆడాడు. అది 1993 నాటి గేమ్, ఎవరో సీడీ ఇచ్చారు. తుపాకులు లేవు, తరిమేవాళ్ళు లేరు. ఒక దీవి, కొన్ని యంత్రాలు, కొన్ని పుస్తకాలు. ఆయన గీతల నోట్‌బుక్ ఒకటి పక్కన పెట్టుకుని బొమ్మలు గీసుకుంటూ, అంకెలు రాసుకుంటూ 23 రోజులు కూర్చున్నాడు. 19వ రోజున నాకు జాలేసి, నెట్‌లో వెతికి జవాబు చెప్పబోయాను. చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "అన్నం పెట్టకపోయినా పర్లేదు, అది మాత్రం చెప్పకు" అన్నాడు. మన పెళ్ళిళ్ళలో కూడా ఆయన మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు, ఆ చివరి రోజున తప్ప. ఆ నోట్‌బుక్ బీరువాలో ఉంది. వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

కష్టమైన పజిల్ వేరు, దాచిపెట్టిన పజిల్ వేరు. నీ అభిప్రాయంలో ఈ రెండూ కలిపెయ్యకు. 2019లో వచ్చిన బాబా ఈజ్ యు చూడు. ఆట నియమాలే మాటల దిమ్మలుగా ఎదురుగా పడి ఉంటాయి. ఒక్క మాటని పక్కకి తోస్తే గోడకి గోడతనం పోతుంది, దాంట్లోంచి నడిచి వెళ్ళిపోవచ్చు. నాకు ఒక్కో మెట్టు మూడు రోజులు పట్టేది, అయినా ఒక్కసారి కూడా మోసపోయాననిపించలేదు. కావాల్సిందంతా కళ్ళ ముందే ఉంది, చూడాల్సింది నేనే. అదే కొన్ని పాత అడ్వెంచర్ గేముల్లో మూల చీకట్లో చీమంత తాళంచెవి పెట్టి, దాని మీద మౌస్ పడేదాకా మనల్ని తిప్పుతారు. దాన్ని కష్టం అనకు, అన్యాయం అను.

రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ నాకు ప్రాణం. ఓడలో 60 మంది, ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో తేల్చాలి. ముగ్గురివి సరిగ్గా రాస్తే తప్ప గేమ్ ఔనని చెప్పదు. గాల్లో రాయి వేసేవాళ్ళని ఆపడానికి అంత తెలివైన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. ఇక ది విట్‌నెస్ విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. 500కి పైగా పజిళ్ళున్నాయి. ఒక్క మాట కూడా మాట్లాడకుండా గీతలతోనే నేర్పించే ఆ మొదటి భాగం అద్భుతం. సగం దాటాక నాకు ఇంట్లో పని చేసినట్టు అనిపించింది, మూడు నెలలు పక్కన పెట్టేశాను. అడవిలో పక్షుల కూతలు విని, ఏది పైస్థాయి ఏది కిందిస్థాయి అని గీత గీసే పజిళ్ళుంటాయి. మీ మావయ్యకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు కదా, ఆయన అక్కడే ఆగిపోయాడు. పెద్ద పెద్ద రివ్యూలు చూసే కొన్నాం, ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పాలి. చెవి, కన్ను, రంగుల తేడా, అక్షరాల సైజు, అన్నీ చెప్పు. నీ వీడియో చూసేవాళ్ళలో మా వయసువాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఇది మీ మావయ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నీకు పన్నెండేళ్ళు. గాలి మధ్యలో ఆగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. మర్నాటికి మన వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. మా కింద వాటాలో ఉండే ముసలి దంపతులు నీకు తెలుసు, నీకు జంతికలు పెట్టేవాళ్ళు. పిల్లలు హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు, ఫోన్లు పనిచెయ్యలేదు. మూడో రోజు వీధి చివరికి పాల వ్యాన్ వచ్చింది. నేను ముందు వరసలో ఉన్నాను. నాలుగు ప్యాకెట్లు తీసుకున్నాను. చాలదన్నట్టు మా చిన్నవాణ్ణి వెనక నిలబెట్టి ఇంకో రెండు తెప్పించాను. కింద వాటా ముసలాయన వంతు వచ్చేసరికి పాలు అయిపోయాయి. వెనక్కి తిరిగినప్పుడు నా సంచీ వైపు చూశారు. "పర్లేదమ్మా, మేం డికాషన్ తాగుతాం లే" అన్నారు. నేను తల దించుకుని మెట్లెక్కి వచ్చేశాను. ఒక్క ప్యాకెట్ కూడా ఇవ్వలేదు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయోనని భయం. ఫ్రిజ్ లేదు, కరెంట్ లేదు. మూడు ప్యాకెట్లు విరిగిపోయాయి. రాత్రి పొద్దుపోయాక, ఎవరూ చూడకుండా వెళ్ళి, పడిపోయిన మునగచెట్టు మొదట్లో పారబోశాను.

కరెంట్ వచ్చింది, సెంటర్ తెరిచాం. నవంబర్‌లో దిస్ వార్ ఆఫ్ మైన్ అని ఒక సర్వైవల్ గేమ్ వచ్చింది. పోలండ్ వాళ్ళు చేశారు. బోస్నియాలో 1990లలో సారాయెవో నగరం ముట్టడిలో చిక్కుకున్న మామూలు జనం ఎలా బతికారన్నదే దానికి ఆధారం. అందులో సైనికులం కాదు మనం. కూలిన ఇంట్లో ముగ్గురం, పగలు పొయ్యి, మంచం, నీళ్ళు చూసుకోవడం, రాత్రి ఒకరు బయటికి వెళ్ళి తిండీ మందులూ వెతికి తేవడం. నేను డిసెంబర్‌లో కొన్నాను. ఒక రాత్రి ఆ ముగ్గురిలో పావ్లే అనేవాణ్ణి ఒక ఇంటికి పంపాను. అక్కడ ముసలి దంపతులు. ఆ పెద్దాయన ఎదురు తిరగడు. వెనకాలే నడుస్తూ, తీసుకెళ్ళొద్దని బతిమాలతాడు. నేను ఫ్రిజ్ తెరిచి ఉన్నదంతా సంచీలో వేసుకున్నాను. ఇంటికొచ్చాక పావ్లే తల పట్టుకుని కూర్చున్నాడు. నేను కంప్యూటర్ ఆపేశాను.

మర్నాడు పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయి వచ్చాడు. అప్పట్లో ఆన్‌లైన్‌లో గేములు అమ్మే స్టీమ్‌లో ధరలు డాలర్లలో ఉండేవి, ఈ పిల్లలకి కార్డులు ఉండేవి కావు. డబ్బు నా చేతికిస్తే నా కార్డుతో కొనిపెట్టేదాన్ని. వాడు నెలల తరబడి దాచుకున్న డబ్బు తెచ్చి, "ఆంటీ, ఆ వార్ గేమ్ ఎలా ఉంది?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "చెత్త. నత్తనడక. కంట్రోల్స్ బాగోలేవు. డబ్బు దండగ." కంట్రోల్స్‌కి ఏ లోపమూ లేదు. అంతా మౌస్‌తో క్లిక్ చెయ్యడమే, చిన్నపిల్లలు కూడా ఆడగలరు. వాడు నా మాట నమ్మి ఇంకేదో కొనుక్కున్నాడు. ఆ నెలంతా అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాను. చెప్పీ చెప్పీ నాకే నిజమనిపించింది.

రెండేళ్ళ తర్వాత వాడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కనిపించాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పి, "ఆంటీ, ఆ గేమ్ మొన్న ఆడాను. అంత మంచి గేమ్ గురించి మీరలా ఎందుకు చెప్పారు?" అన్నాడు. మామూలుగానే అడిగాడు, కోపం లేదు. నా బస్సు వచ్చిందని అబద్ధం చెప్పి వచ్చేశాను. ఆ ముసలి దంపతులు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజున కూడా ఆమె నాకు జంతికల డబ్బా ఇచ్చింది.

చిన్నీ, గేమ్ నచ్చకపోతే నచ్చలేదని గట్టిగా చెప్పు. కానీ ఎందుకు నచ్చలేదో ముందు నీకు నువ్వు చెప్పుకో. "నేను ఆ ఇంట్లోంచి తిండి ఎత్తుకొచ్చాను, తర్వాత ఆడలేకపోయాను" అని నేను ఆ అబ్బాయికి చెప్పి ఉంటే, అంతకన్నా మంచి రివ్యూ ఆ గేమ్‌కి ఎవరూ ఇచ్చి ఉండేవాళ్ళు కారు.

ఎన్ని గంటలు ఆడావో ప్రతి వీడియోలో మొదటే చెప్పు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. కాబట్టి ఆ రెండు గంటల్లో గేమ్ అసలు స్వభావం బయటపడుతుందా లేదా అన్నది చూసేవాళ్ళకి చాలా అవసరం. డోంట్ స్టార్వ్‌ని మొదటి చలికాలం చూడకుండా తిట్టకు, పొగడకు. మంచులో ఒంటరిగా బతకాల్సిన ది లాంగ్ డార్క్ సర్వైవల్ మోడ్‌లో చచ్చిపోతే సేవ్ చెరిగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి ఆడాల్సిందే. నలభై రోజులు బతికి, పల్చటి మంచు మీద అడుగేసి పోయిన రోజున నేను ఏడ్చాను. అలాంటి రోజున రికార్డు చెయ్యకు, ఒక రాత్రి గడవనివ్వు. ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తి కాకుండానే అమ్మకానికి పెట్టిన గేమ్ అయితే ఏ నెలలో ఆడావో చెప్పు. సముద్రం అడుగున బతికే గేమ్ సబ్‌నాటికా 2014 చివర్లో అలా మొదలై 2018 జనవరికి గానీ పూర్తి కాలేదు. మధ్యలో చెప్పిన మాట చివరికి ఎలా సరిపోతుంది?

సబ్‌నాటికా అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌లో మీ నాన్న నిన్ను చీలమండ దాటి నీళ్ళలోకి దిగనిచ్చేవాడు కాదు. అలలు లోపలికి లాగేస్తాయని నీ గౌను కొస పట్టుకుని నిలబడేవాడు. ఆ గేమ్‌లో లోతుకి దిగుతుంటే, ఊపిరి అయిపోతోందని హెచ్చరిక వినబడగానే నాకు వాడి గొంతే వినబడుతుంది. నువ్వు ఆడినప్పుడు ఆ సంగతి కూడా చెప్పు. సముద్రం పక్కన పుట్టి, సముద్రానికి భయపడుతూ పెరిగిన మనలాంటివాళ్ళకి ఆ గేమ్ ఎలా ఉంటుందో ఇంకెవరు చెబుతారు?

డబ్బు సంగతి. కంపెనీ ఉచితంగా గేమ్ ఇస్తే ఉచితంగా వచ్చిందని మొదటి నిమిషంలోనే చెప్పు. డబ్బు తీసుకుంటే ప్రకటన అని పెద్ద అక్షరాల్లో రాయి, ప్రభుత్వ నిబంధనలు కూడా అదే అంటున్నాయి. పందెం ఆప్‌ల వాళ్ళు తప్పకుండా వస్తారు, నీ జీతం కన్నా ఎక్కువ ఇస్తామంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములనీ, వాటి ప్రచారాన్నీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంట్ చట్టం చేసింది. చట్టం లేకపోయినా నువ్వు ఆ గడప తొక్కకూడదు. మా సెంటర్‌కి వచ్చిన పిల్లల్లో ఇద్దరు ఆ పందేల్లో పడి ఇంటి సామాన్లు అమ్ముకున్నారు. వాళ్ళ అమ్మలు నా దగ్గరికొచ్చి కూర్చుని ఏడ్చారు.

నీ స్టీమ్ ఖాతాకి దిస్ వార్ ఆఫ్ మైన్ గిఫ్ట్‌గా పంపాను. నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి, నీ ఆట నువ్వు ఆడు. ఆ ఇంటికి వెళ్తావో లేదో నీ ఇష్టం. ఆడాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి కాదు, పొద్దున చెయ్యి. రాత్రి పడుకో.

ఆదివారం వస్తే వంజరం పులుసు పెడతాను. మీ మావయ్య నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

మీ అత్త