గుర్రానికి సవరం దేనికండీ? ఈసారి హంటర్, జంపర్ ప్రశ్నలు

అమెరికాలో మన పిల్లల గుర్రపు స్వారీ క్లాసుల గురించి ఆ మధ్య ఒక చిన్న జవాబు రాశాను, దాని మీద చాలానే ఉత్తరాలొచ్చాయి. సగం మంది అడిగింది ఫీజుల గురించి, దానికి నా దగ్గర మందు లేదు. మిగతావాటిలో హంటర్, జంపర్ అని గుర్రం మీద కంచెలు దూకే రెండు రకాల పోటీల గురించి వచ్చిన నాలుగు తీసుకున్నా.

ప్రశ్న: అక్కా నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం, మా పాపకి 13. చిన్నప్పట్నుంచీ ఇక్కడ బార్న్‌లో (గుర్రాలశాలలో) రైడింగ్ నేర్చుకుంటోంది, మొన్నటిదాకా హంటర్ చేసేది, ఈ సమ్మర్‌లో ట్రైనర్ జంపర్స్‌లోకి మార్చాడు, ఇక అప్పట్నుంచి ఒకటే పాట, హంటర్ అంటే గుర్రాలకి అందాల పోటీ అట, జడలేసి తిప్పడం తప్ప ఏం లేదట. దాని ప్రాణస్నేహితురాలు ఇంకా హంటర్‌లోనే ఉంది, ఆ పిల్లకి మొన్న షోలో బ్లూ రిబ్బన్ (ఫస్ట్ ప్రైజ్) వస్తే మాది చప్పట్లు కూడా కొట్టలేదు. ఆ పిల్ల కూడా తక్కువ తిన్లేదు, మీది రైడింగ్ కాదు, కళ్ళెం లాగి గుర్రం నోరు పీకుతూ పరిగెత్తడం అందట. ఇద్దరికీ మాటల్లేవు. అసలీ రెండిట్లో ఏది గొప్ప? (ఒక అమ్మ, న్యూజెర్సీ)

జవాబు: చెల్లీ, మీ పాప అన్నదీ ఆ పిల్ల అన్నదీ వాళ్ళు కొత్తగా కనిపెట్టిన మాటలు కావు. అమెరికాలో ఏ బార్న్‌కెళ్ళినా ఇవే తిట్లు, పెద్దవాళ్ళ నోట్లోంచి పిల్లల నోట్లోకి వస్తుంటాయి. ఆ పెద్దవాళ్ళేమో సాయంత్రం ఒకే చోట కూర్చుని పిజ్జా తింటుంటారు, పిల్లలకి ఆ సంగతి తెలీదు.

హంటర్ పుట్టింది నక్కల వేట నుంచి. వర్జీనియా లాంటి చోట్ల పొలాలకడ్డంగా ఉండే రాతి గోడలూ కర్ర కంచెలూ దాటుతూ పొద్దస్తమానం స్వారీ చెయ్యాలంటే ఎలాంటి గుర్రం కావాలి? బెదరకూడదు, లాగకూడదు, ఒకే వేగంతో హాయిగా పోవాలి, మోకాళ్ళు పైకి ముడిచి గుండ్రంగా దూకాలి. ఇప్పుడు నక్కలు లేవు, కుక్కలూ లేవు, రింగులో ఎనిమిదో తొమ్మిదో జంప్స్ పెట్టి అదే గుణం చూస్తారు. జడ్జి ఒక్కో జంప్‌కీ కార్డు మీద గుర్తులు వేసుకుంటూ చివర్లో నూటికి ఒక మార్కు ఇస్తాడు, 90 దాటిందంటే బార్నంతా ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తుంది.

జంపర్‌లో ఎవరి కంటితోనూ పనిలేదు. కర్ర పడితే 4 ఫాల్ట్స్, గుర్రం దూకనని ఆగితే 4, టైం దాటితే దానికీ వడ్డన. కాలు తగిలి కర్ర దాన్ని మోసే కప్పుల్లో గడగడలాడి పడకుండా నిలబడిందా, ఏమీ లేదు, సాగిపో. ఫాల్ట్స్ లేకుండా వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ పొట్టి కోర్సు పెట్టి గడియారం మీద తేలుస్తారు, దాన్నే జంపాఫ్ అంటారు. పెద్ద గ్రాండ్ ప్రీల్లో (పైస్థాయి జంపర్ పోటీల్లో) ఎత్తు 1.60 మీటర్ల దాకా వెళ్తుంది, అంటే మనలో చాలామందికి మన ఎత్తు. ఒలింపిక్స్‌లో ఉండేది ఇదే, హంటర్‌కి అక్కడ చోటు లేదు, జంపర్ పిల్లలు కాలరెగరేసేది కూడా ఎక్కువ ఈ ఒక్క పాయింటు మీదే.

అసలు గొడవ మూలం ఈ లెక్కలోనే ఉంది. జంపర్ పిల్ల ఎలా కూర్చున్నా, ఎంత వికారంగా వచ్చినా కర్రలు పడకపోతే గెలుస్తుంది, అది చూసి హంటర్ పిల్లకి మండుతుంది, నేను ఇన్నేళ్ళు నేర్చుకున్న పద్ధతికి విలువేంటని. హంటర్ పిల్లకి ఒక జడ్జి 88 ఇచ్చి ఇంకో జడ్జి అలాంటి రౌండ్‌కే 79 ఇవ్వచ్చు, ఖరీదైన గుర్రానికి కళ్ళు చెదిరి మార్కు పడిందనే గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది, అది చూసి జంపర్ పిల్ల నవ్వుతుంది. ఇద్దరి బాధలోనూ నిజం ఉంది. నన్నడిగితే లెక్కలో దాపరికం లేని జంపరే నాకిష్టం, కానీ చేతిలో పనితనం ఎవరికి ఎక్కువ కావాలంటే హంటర్ వైపే చెయ్యి చూపిస్తాను.

ఎందుకంటారా, దూరాలు చూడండి. గుర్రం కాంటర్ (ఒక మోస్తరు పరుగు) అంగ సుమారు 12 అడుగులని లెక్క. రెండు జంప్స్ మధ్య 60 అడుగులుంటే దిగడానికో 6, ఎగరడానికో 6 పోగా నాలుగు అంగలు పడాలి. హంటర్‌లో ఆ నాలుగూ ఒకే కొలతలో పడాలి, చివర్లో ఒక చిట్టి అడుగు ఇరికించారా, దాన్నే చిప్ అంటారు, రిబ్బన్ మీద ఆశ వదులుకోవచ్చు. పైగా ఇంత చేస్తున్నట్టు కనపడకూడదు. రైడర్ ఊరికే కూర్చున్నట్టు, గుర్రమే అన్నీ చేసుకుపోతున్నట్టు ఉండాలి. ఇంత కష్టపడి ఏమీ చెయ్యనట్టు కనపడితే చూసేవాళ్ళకి గౌరవం ఎక్కడ్నుంచొస్తుంది, మీ పాప ఇన్నేళ్ళ కష్టాన్ని తనే మర్చిపోయి అందాల పోటీ అంటోంది చూడండి.

జంపర్‌లో అదే 60 అడుగుల్లో గడియారం కోసం ఒక అంగ తగ్గించాలా, మలుపు కోసం ఒకటి పెంచాలా అన్నది ముందే నడిచి కొలుచుకోవాలి. రౌండ్‌కి ముందు రైడర్లందరూ కోర్సులో కాళ్ళతో అడుగులేసుకుంటూ తిరుగుతుంటారు, కోర్స్ వాక్ అంటారు, ఈసారి మీ ఆయన్ని తీసుకెళ్ళి అది చూపించండి, షోలో ఫ్రీగా దొరికే పాఠం అదొక్కటే. కొలుచుకున్నాక కూడా గుర్రం దిగిన చోటుని బట్టి గాల్లో ఉండగానే ప్లాన్ మార్చుకోవాలి. దానికి ధైర్యం కావాలి, నోరు పీకడం కాదు. పీకేవాళ్ళు లేరని కాదు, చిన్న ఎత్తుల క్లాసుల్లో స్పీడే రైడింగ్ అనుకునే పిల్లలు ప్రతి షోలోనూ కనిపిస్తారు, వాళ్ళని చూసే ఆ తిట్టు పుట్టింది. హంటర్ వాళ్ళకీ వాళ్ళ మచ్చ ఉంది, గుర్రం మరీ మందకొడిగా ప్రశాంతంగా కనపడాలనే యావలో మందులు ఎక్కించిన చరిత్ర చిన్నది కాదు. గాబా అనే మందుని అమెరికా గుర్రపు స్వారీ ఫెడరేషన్ 2012లో నిషేధించాల్సొచ్చింది.

పైస్థాయికెళ్ళేకొద్దీ ఈ గీత చెరిగిపోతుంది. బిల్ స్టెయిన్‌క్రాస్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్నోబౌండ్ అనే గుర్రం మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు, షో జంపింగ్‌లో (జంపర్ ఆటనే అలా కూడా అంటారు) అమెరికాకి అదే మొదటిది, అదే మనిషి కుర్రాడుగా ఉన్నప్పుడు రైడర్ కూర్చునే తీరు చూసి మార్కులేసే మాక్లే పోటీ గెలిచినవాడు. రాడ్నీ జెన్‌కిన్స్ అని వర్జీనియా ఆయన, 2024లో పోయాడు, పొద్దున హంటర్ రింగులో గెలిచి అదే షోలో జంపర్ రింగులోకెళ్ళి ఐడిల్ డైస్ అనే గుర్రం మీద ఇంకోటి గెలిచే రకం, ప్రొఫెషనల్ కావడం వల్ల ఆ రోజుల రూల్స్ ప్రకారం ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయాడు గానీ ఇప్పటికీ రెండు వైపుల వాళ్ళూ మావాడే అంటారు.

ఇక మీ పాప సంగతి. ఉపన్యాసం ఇవ్వకండి, పదమూడేళ్ళ పిల్లకి ఎక్కదు. ట్రైనర్‌తో మాట్లాడి ఇద్దరికీ ఒక్క లెసన్ గుర్రాలు మార్చి ఎక్కించమనండి. జంపర్ గుర్రం చిన్న సైగకే దూసుకుపోతుంది, ఆ పిల్లకి చెమటలు పడతాయి, హంటర్ గుర్రం మీద చెయ్యి కాస్త బిగిస్తే దాని లయంతా చెడిపోతుంది, మీ పాపకి పాత పాఠాలు గుర్తొస్తాయి. చప్పట్ల విషయంలో మాత్రం మొహమాటపడకండి, తోటి బార్న్ పిల్ల రౌండ్ పూర్తి చేస్తే కొట్టాల్సిందే అని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: అమ్మా, మాది గుంటూరు. టెక్సాస్‌లో మనవరాలి పోటీ వీడియో పంపారు. అన్నీ దూకింది, ఒక్క కర్ర పడలేదు, గుర్రం ఎక్కడా ఆగలేదు, అయినా ఐదో స్థానం ఇచ్చారు. మన పిల్లని చెప్పి అన్యాయం చేశారా అని నాకు అనుమానం. ఇంకోటి, గుర్రం తోక అంత ఒత్తుగా ఎలా ఉందో అర్థం కాలా. (ఒక తాతయ్య)

జవాబు: బాబాయ్ గారూ, మీ కోపం నాకర్థమైంది గానీ అది హంటర్ క్లాసు అయ్యుంటుంది. కూచిపూడి తరంగంలో పళ్ళెం మీంచి కింద పడలేదు కాబట్టి ఫస్ట్ ప్రైజ్ ఇమ్మంటే ఇస్తారా? పడకపోవడం అక్కడ మొదటి మెట్టు, ఆట వేరే చూస్తారు. కర్ర పడిందంటే హంటర్‌లో మార్కు నలభైల్లోకి జారిపోతుంది, పడకపోతే అప్పుడు మొదలవుతుంది అసలు లెక్క, వేగం ఒకేలా ఉందా, మలుపులో గుర్రం ముందుకాలు సరిగ్గా మార్చిందా (లీడ్ ఛేంజ్ అంటారు), జంప్‌కి మరీ దూరం నుంచి ఎగిరిందా, చెవులు ముందుకున్నాయా. వీడియో మళ్ళీ పెట్టుకుని శబ్దం మాత్రం వినండి, డెక్కల చప్పుడు మొదటి జంప్ నుంచి చివరి దాకా ఒకే తాళంలో ఉందా, మధ్యలో ఎక్కడైనా తొందరపడిందా తెలిసిపోతుంది. వివక్ష ఎక్కడా ఉండదని నేననను, కానీ ఐదో స్థానం చూసి మాత్రం ఆ మాట అనలేం. అన్నట్టు రిబ్బన్ రంగు చూసి పొరపడకండి, అమెరికాలో ఫస్ట్‌కి నీలం, సెకండ్‌కి ఎరుపు.

తోక సంగతి మంచి ప్రశ్న. అది సవరం! నిజంగానే. హంటర్ క్లాసుల్లో గుర్రానికి సవరం కట్టడం రూల్స్‌కి విరుద్ధం కాదు, నిజమైన గుర్రపు వెంట్రుకలతో అమ్ముతారు, రంగు కలిసేలా ఎంచుకుని లోపల దారంతో కడతారు. జూలుకి వేసే ఆ బుల్లి బుల్లి జడలకైతే వేరే మనుషులుంటారు, షో రోజు తెల్లవారుజామున చీకట్లో స్టూలేసుకుని, తలకి లైటు కట్టుకుని ఒక్కో గుర్రానికీ వరసగా అల్లుకుంటూ పోతారు. దీన్ని చూసే జంపర్ వాళ్ళు వెక్కిరించేది. వాళ్ళ గుర్రాలకి మామూలుగా జడలుండవు, పెద్ద గ్రాండ్ ప్రీ రోజు మాత్రం వాళ్ళలోనూ కొందరు చక్కగా జడలేయించుకుని వస్తారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో హంటర్ నేర్పేవాళ్ళున్నారా మేడమ్? మా బాబుని వేద్దామని.

జవాబు: హంటర్ అనేది ప్రధానంగా అమెరికా, కెనడా సంగతి. మన దేశంలో నడిచేవి షో జంపింగ్, డ్రెస్సాజ్ (గుర్రం చేత కొలిచినట్టు అడుగులు వేయించడం), ఈవెంటింగ్ (డ్రెస్సాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిపింది), టెంట్ పెగ్గింగ్ (పరుగు మీద ఈటెతో నేలలోని మేకు పెరకడం). హైదరాబాద్‌లో రైడింగ్ స్కూళ్ళున్నాయి, పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ట్రైనీలకీ స్వారీ నేర్పిస్తారు గానీ అది మీ బాబుకి ఇప్పుడే అక్కర్లేదు లెండి. ఏ స్కూల్లో చేర్చినా ముందు ఆర్నెల్లు జంప్స్ ఊసెత్తకుండా కూర్చోవడం నేర్పుతున్నారా లేదా చూడండి. మన దేశానికి ఈ ఆటలో పేరు రాలేదనుకోకండి, 2018 ఏషియన్ గేమ్స్‌లో ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో వ్యక్తిగత రజతం తెచ్చాడు, 2023లో హాంగ్‌ఝౌలో డ్రెస్సాజ్ టీమ్ స్వర్ణమే కొట్టింది.

ప్రశ్న: హాయ్ ఆంటీ, నాకు 15, నాది ఒకటే గుర్రం, అది రెండూ చెయ్యగలదా? మా బార్న్‌లో అందరూ ఏదో ఒకటి సెలెక్ట్ చేసుకో అంటున్నారు. ఇంకా ఒకటి, మా గుర్రం చూడ్డానికి అంత బాగోదు, జంపర్సే బెటర్ అని ఒకరన్నారు, కొంచెం ఫీలయ్యా.

జవాబు: ఫీలవకు తల్లీ. 1956లో హ్యారీ డిలెయర్ అనే ఆయన కబేళాకి పోతున్న లారీలోంచి ఒక పొలం గుర్రాన్ని 80 డాలర్లకి కొన్నాడు, అందం చూసి ఎవరూ రెండోసారి తిరిగి చూడని రకం. పక్కూరాయనకి అమ్మేస్తే అది కంచెలు దూకి మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చేసింది, సరేలే అని జంపర్ చేశాడు, రెండేళ్ళకి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఛాంపియన్. పేరు స్నోమాన్. కాబట్టి జంపర్స్ బెటర్ అన్నవాళ్ళు నిన్ను తిట్టినట్టు కాదు, జంపర్ రింగు మొహం చూడదు అంతే.

రెండూ చెయ్యచ్చా అంటే చిన్న ఎత్తుల్లో నిక్షేపంగా చెయ్యచ్చు, చాలామంది చేస్తున్నారు. ఎత్తు పెరిగేకొద్దీ కష్టం, జంపర్ గుర్రానికి వేడి కావాలి, హంటర్ గుర్రానికి అదే వేడి శత్రువు. మధ్యలో హంటర్ డెర్బీలని ఉన్నాయి చూడు, పెద్దవాటి ఫైనల్స్ 2009లో కెంటకీలో మొదలయ్యాయి. అక్కడ మార్కులు కంటితోనే, కానీ ఎత్తైన జంప్ ఎంచుకుంటే అదనపు పాయింట్లు, రెండో రౌండ్‌లో బిగువైన మలుపులు తిరిగితే ఇంకొన్ని, జంపర్ వాళ్ళలాగే ముందు కోర్సు నడవనిస్తారు కూడా. జంపర్ రైడర్లు హంటర్ కోటు వేసుకుని పోటీకి దిగేది ఎక్కువ అక్కడే. నీ గుర్రం నెమ్మదైనదైతే బుల్లి డెర్బీలు ట్రై చెయ్, తక్కువ ఎత్తులో చాలా షోల్లో పెడుతున్నారు.

రెండూ చేస్తే సామాన్లు మార్చడం మర్చిపోవద్దు. హంటర్‌లో స్టాండింగ్ మార్టింగేల్ (గుర్రం తల మరీ పైకెత్తకుండా ఆపే పట్టీ) మామూలు, జంపర్ వైపు వాడేది రన్నింగ్ మార్టింగేల్. ఒకే రోజు రెండు క్లాసులుంటే హంటర్‌ది ముందు పెట్టుకో, జంపాఫ్ చేసొచ్చిన గుర్రాన్ని మళ్ళీ నిమ్మళంగా నడిపించడం నీ వల్లా కాదు, మీ ట్రైనర్ వల్లా కాదు.