పగిలిన ఫోను మోడల్ ఇప్పుడు రావడం లేదు, బీమా వాళ్లు ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: లాయరు గారూ, మాది విశాఖపట్నంలో గాజువాక. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఆర్డర్లు, కొలతలు, డిజైన్ల ఫొటోలు అన్నీ ఫోన్లోనే వస్తాయి. 2024 జూన్‌లో డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో రూ.42,999 పెట్టి ఫోను కొన్నాను. షాపతను చెప్తే రూ.2,499 కట్టి ఏడాదికి ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నాను. 2025 ఏప్రిల్‌లో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర స్కూటీ మీద వెళ్తుంటే ఫోను జారిపడింది, దాని మీంచి బస్సు వెళ్లిపోయింది. బోర్డు కూడా పోయింది, బాగు చేయలేమని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. క్లెయిము పెట్టి ఇరవై రోజులైంది. ఆ మోడల్‌ను కంపెనీ ఆపేసిందని, స్టాకు ఎక్కడా లేదని బీమా వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. వేరే మోడల్ ఇస్తారట. నాది 256 జీబీ అయితే అది 128 జీబీ, పైగా రిఫర్బిష్డ్ (అంటే పాతదాన్ని బాగు చేసి ఇచ్చే) పీసు. వద్దంటే ఈరోజు మార్కెట్ ధర ప్రకారం రూ.18,200 ఇస్తారట. ఏది తీసుకున్నా 'పూర్తి సంతృప్తితో తీసుకున్నాను' అని సంతకం పెట్టాలట. నాకు నా ఫోనే కావాలి. అడిగే హక్కు ఉందా? వ్యాపారానికి వాడారు కాబట్టి కేసు కూడా వేయలేరని భయపెడుతున్నారు. పాలసీ కాగితాలు పంపిస్తున్నాను, చూసి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఈ జవాబు పూర్తిగా చదివేదాకా ఎక్కడా సంతకం పెట్టకండి.

అదే మోడల్ తెచ్చి ఇవ్వాలని పట్టుబట్టే హక్కు మీకు లేదు. మార్కెట్లో లేని వస్తువును తెమ్మని ఏ వినియోగదారుల కమిషనూ ఆదేశించదు. అలాగని వాళ్లు చూపించిన రెండింటిలో ఒకటి ఒప్పుకోవాల్సిన పనీ లేదు. మీరు పంపిన కాగితాల ప్రకారం మీకు రావాల్సింది సుమారు రూ.24,509. వాళ్లు ఇస్తామన్నది దానికంటే రూ.6,309 తక్కువ. జాకెట్లు కుట్టి అంత డబ్బు సంపాదించాలంటే ఎన్ని రోజులు మిషన్ తొక్కాలో మీకు తెలుసు, కాబట్టి లెక్క వివరంగా చెబుతాను.

బీమా అంటే వస్తువును తిరిగి ఇస్తామన్న మాట కాదు, నష్టాన్ని పూడుస్తామన్న మాట. ఆ నష్టానికి విలువ ఎంతో పాలసీ ఇచ్చిన రోజే కాగితం మీద రాసుకుంటారు. మీ సర్టిఫికెట్‌లో 'బీమా మొత్తం' అన్న చోట రూ.42,999 అని ఉంది, అంటే బిల్లు ధరే. దాని కింద తరుగుదల పట్టిక ఉంది. కొని తొమ్మిది నెలలు దాటి ఏడాదిలోపు అయితే 40 శాతం తీసేస్తామని అందులో రాశారు. మీ ఫోను పోయింది పదకొండో నెలలో. 42,999లో 40 శాతం పోతే మిగిలేది రూ.25,799. ఆపైన క్లెయిము మొత్తంలో 5 శాతం మీరే భరించాలని మరో షరతు ఉంది. అదీ తీసేస్తే రూ.24,509. 'ఈరోజు మార్కెట్ ధర' అన్న మాట కోసం మీ సర్టిఫికెట్‌ను రెండుసార్లు చదివాను. ఎక్కడా లేదు. నెలల లెక్కన తరుగుదల ఎంతో ముందే రాసిచ్చినవాళ్లు, క్లెయిము వచ్చాక ఆ పట్టికను పక్కన పెట్టి సెకండ్‌హ్యాండ్ షాపులో ధర వాకబు చేసి లెక్క కట్టడం కుదరదు.

బిల్లు మీద ఉన్న ధర మొత్తం వస్తుందని చాలామంది అనుకుంటారు. పట్టిక కాగితంలో ఉండి, ఆ కాగితం కొన్న రోజే మీ చేతికి వచ్చి ఉంటే ఆ కోతకు మీరు కట్టుబడాల్సిందే. దాని మీద పోట్లాడితే గెలిచే కేసు కూడా ఓడిపోతుంది.

మోడల్ ఆగిపోయిందన్న సాకు గురించి కూడా చెప్పాలి. ఫోన్లు ఏడాది, ఏడాదిన్నరకే షోకేసుల్లోంచి మాయమవుతున్నాయి. కంపెనీలే మూతపడుతున్నాయి. ఎల్‌జీ 2021లో మొబైల్ వ్యాపారాన్ని మొత్తంగా వదిలేసింది. ఇదంతా తెలిసే బీమా సంస్థ ప్రీమియం లెక్క కట్టి మీ దగ్గర రూ.2,499 వసూలు చేసింది. మోడల్ దొరకకపోతే ఆ ఇబ్బంది వాళ్లది. దాని వల్ల మీకు రావాల్సింది ఒక్క రూపాయి కూడా తగ్గదు.

డబ్బు బదులు ఫోనే ఇస్తామంటే, మీ పాలసీలో ఉన్న మాట 'అదే రకం, అంతే నాణ్యత గల ఫోను'. 256 జీబీకి 128 జీబీ సమానం కాదు, ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ర్యామ్, తెర సైజు, కెమెరా, 5జీ ఉందా లేదా, ఇంకా ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తాయి, కొత్తగా ఎంత వారంటీ ఇస్తారు, ఇవన్నీ పక్కపక్కన రాసి చూడాలి. ధర ఒక్కటే కొలబద్ద కాదు. ఐఫోన్ 13 మినీని 2023 సెప్టెంబరులో ఆపేశాక అంత చిన్న సైజులో ఆ కంపెనీ కొత్త మోడల్ తేలేదు. చేతిలో ఇమిడే ఫోను కావాలని ఏరికోరి కొనుక్కున్న మనిషికి పెద్ద ఫోను ఇచ్చి 'ఇది ఇంకా ఖరీదైనదే' అంటే ఆ మనిషి అడిగింది ఇచ్చినట్టు కాదు. అలాంటి చోట డబ్బు తీసుకోవడమే మేలని నా సలహా. మీకూ అదే చెబుతున్నాను.

ఇక రిఫర్బిష్డ్ సంగతి. అలాంటి ఫోను ఇచ్చే వీలుందని ఒక షరతు చూపిస్తున్నారు. కానీ ఆ షరతు ఉన్నది క్లెయిము పెట్టాక వాళ్లు మెయిల్‌లో పంపిన ఇరవై పేజీల పత్రంలో. షాపులో మీకు ఇచ్చిన రెండు పేజీల సర్టిఫికెట్‌లో లేదు. కొనేటప్పుడు తెలియజేయని మినహాయింపు షరతును తర్వాత అడ్డం పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లో మోడర్న్ ఇన్సులేటర్స్ కేసులోను, 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులోను చెప్పింది. ఆ మెయిల్‌ను చెరిపేయకండి. అది ఏ తేదీన వచ్చిందన్నదే మీకు సాక్ష్యం.

సంతకం దగ్గరకు వద్దాం. నా దగ్గరకు వచ్చే బీమా తగాదాల్లో సగం ఈ ఒక్క సంతకం దగ్గరే చెడిపోతాయి. మోసంతోనో, ఒత్తిడితోనో రాయించుకున్న రసీదు అయితే అది ఉన్నా ఫిర్యాదు చేసుకోవచ్చని 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ మిల్లుల కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే ఆ ఒత్తిడిని నిరూపించాల్సిన భారం సంతకం పెట్టినవాళ్ల మీదే పడుతుంది. ఆ భారం నెత్తికెత్తుకోవడం ఎందుకు? చేతిలో ఫోను లేక పని ఆగిపోయి ఆ రూ.18,200 ఇప్పుడే అవసరమైతే తీసుకోండి, తప్పు లేదు. కాకపోతే రసీదు మీద మీ చేతిరాతతో 'అభ్యంతరం తెలుపుతూ, మిగతా మొత్తం అడిగే హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాను' అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. ఫొటో తీసి పెట్టుకోండి. అలా రాయనివ్వం అంటే ఆ మాటే మెయిల్‌లో పంపమనండి.

ఇప్పటిదాకా మీకు అంతా ఫోన్‌లోనే చెప్పారు. అది చాలదు. ఎందుకు తగ్గిస్తున్నారో, ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెప్పించుకోండి. క్లెయిము తిరస్కరిస్తూ రాసిన ఉత్తరంలో చెప్పని కారణాన్ని తర్వాత కమిషన్ ముందు కొత్తగా లేవనెత్తకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో తీర్పు వచ్చింది. అందుకే వాళ్లు కాగితం మీద పెట్టడానికి వెనకాడతారు, అందుకే మీరు అడగాలి. బీమా సంస్థలోని ఫిర్యాదుల అధికారికి ఇలా రాయండి:

'నా పాలసీ సర్టిఫికెట్‌లోని తరుగుదల పట్టిక ప్రకారం నాకు రావాల్సింది రూ.24,509. మీరు రూ.18,200 ఇస్తామంటున్నారు. ఏ షరతు కింద తగ్గించారో, సర్వేయరు రిపోర్టు కాపీతో సహా రాతపూర్వకంగా తెలపండి. మీరు ఇస్తామన్న 128 జీబీ రిఫర్బిష్డ్ ఫోను నా ఫోనుతో సమానం కాదు కాబట్టి నాకు సమ్మతం కాదు.'

ఇంతే చాలు. కోపం ఎంత ఉన్నా ఉత్తరంలో పెట్టకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సర్వేయరు (నష్టాన్ని అంచనా వేసే వ్యక్తి) రిపోర్టు అందిన 7 రోజుల్లో బీమా సంస్థ తన నిర్ణయం చెప్పాలి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోను, 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఇదే ఫిర్యాదు నమోదు చేయించండి.

మీరు రాసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రెండు దారులున్నాయి. ఒకటి బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా సంస్థల మీద వచ్చే ఫిర్యాదులు విని తేల్చే అధికారి. మన రాష్ట్రానికీ, తెలంగాణకూ, యానాంకూ కలిపి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. అయినా ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సంస్థ ఇచ్చిన జవాబు తర్వాత ఏడాదిలోపు వెళ్లాలి. రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివాసం ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. బీమా సంస్థ ఆఫీసు ముంబైలో ఉన్నా మీరు విశాఖలోనే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ గడువును వదిలేయకండి.

మీ విషయంలో నేనైతే ముందు అంబుడ్స్‌మన్ దగ్గరకే వెళ్లమంటాను. గొడవంతా ఒక పట్టిక చదవడంలో ఉంది, సాక్షుల్ని పిలవాల్సిన పని లేదు. కమిషన్‌లో ముందు కేసు వేస్తే అది పెండింగ్‌లో ఉండగా అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. ఈ వరస గుర్తుంచుకోండి. ఆర్డర్లు పోయాయి, మనశ్శాంతి పోయింది, దానికి విడిగా పరిహారం, ఖర్చులు కావాలి అనుకుంటే మాత్రం కమిషనే సరైన చోటు. అక్కడ మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. వీడియోలో హాజరయ్యేందుకూ అనుమతి అడగవచ్చు.

వ్యాపారానికి వాడారు కాబట్టి కేసు లేదన్నారే, అది నిజం కాదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకునే వస్తువు 'వాణిజ్య ప్రయోజనం' కిందికి రాదని చట్టంలోనే రాసి ఉంది. ఇంట్లో ఒక్కరే మిషన్ తొక్కుకునే మీకు ఆ రక్షణ అచ్చంగా వర్తిస్తుంది. దానికి తోడు, బీమా తీసుకునేది నష్టం పూడ్చుకోవడానికే తప్ప లాభం కోసం కాదని హర్సోలియా మోటార్స్ కేసులో 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటి దగ్గర పనిచేసుకునే ఆడవాళ్లను ఈ ఒక్క మాటతో బెదిరించి పంపేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఎవరు అలా అన్నా పేరు, తేదీ రాసి పెట్టుకోండి.

మీలాగే ఫోను కొన్న మిగతా పాఠకులు తమ కాగితం ఒకసారి తీసి చూసుకోవాలి. షాపుల్లో 'ఇన్సూరెన్స్' అని చెప్పి అమ్మేవన్నీ ఇన్సూరెన్స్ కాదు. బీమా సంస్థ పేరు, దాని రిజిస్ట్రేషన్ నంబరు, పాలసీకి యూఐఎన్ అనే నంబరు ఉంటే అది బీమా. మీ కాగితంలో అవన్నీ ఉన్నాయి. 'ప్రొటెక్షన్ ప్లాన్', 'కేర్ ప్లాన్' అని మాత్రమే ఉండి ఇవేవీ లేకపోతే అది షాపువాళ్లతోనో మరో కంపెనీతోనో చేసుకున్న సర్వీసు ఒప్పందం. దానికి అంబుడ్స్‌మన్ ఉండరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, అక్కడ తేలకపోతే నేరుగా కమిషన్‌కు వెళ్లాలి. బీమా అని నమ్మించి ప్లాన్ అంటగట్టి ఉంటే అది కూడా ఫిర్యాదులో రాయాల్సిన అంశమే.

చివరగా మీ పాత ఫోను. అది ఇంకా సర్వీస్ సెంటర్‌లోనే ఉంటే ఇది చేయండి. ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు), 'బాగు చేయడం సాధ్యం కాదు' అన్న మాట, రెండూ ఉన్న జాబ్ షీటు ఈ వారంలోనే తీసుకోండి. తగాదా తేలేదాకా ఆ ఫోను తుక్కులో వేయవద్దని వాళ్లకు మెయిల్ పెట్టండి. మొత్తం నష్టం కింద బీమా డబ్బు చెల్లించాక ఆ ముక్కలు బీమా సంస్థవే అవుతాయి. అందుకే అంతకుముందే మీ గూగుల్ ఖాతాలోకి వేరే ఫోను నుంచి వెళ్లి ఆ పాత ఫోనును లాగౌట్ చేయించండి, సిమ్ తీసుకున్నారో లేదో చూసుకోండి, ఫోన్‌పే లాంటి వాటి పిన్ మార్చండి. కస్టమర్ల కొలతలు, ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ అయి ఉంటే అవి ఇప్పటికీ అక్కడే ఉంటాయి. కొత్త ఫోను కోసం ఆగకుండా ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా తెరిచి చూడండి.